జాడీలో దాచిన ఏడాది

నలుగురిలో నోరు విప్పమంటే నాకు చెమటలు పడతాయి. మీకు తెలియంది కాదు. అలాంటి నేను మొన్న ఉగాదినాడు ఇంటినిండా ఆడవాళ్ళని కూర్చోబెట్టుకుని ఒకే ఒక్క మాట అన్నాను. ఆ మాటకి అందరి చేతుల్లో గ్లాసులూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి! ఏమన్నానో తర్వాత చెప్తాను. ఇప్పుడే చెబితే నవ్వేస్తారు. నాకు మాత్రం ఆ పూట నవ్వు రాలేదండీ.

ఇదంతా కిందటి ఉగాదికి మొదలైంది. ఏలూరులో మా వీధి ఆడవాళ్ళం కలిసి ఒక సమాజం పెట్టుకున్నాం. ప్రెసిడెంటు సుందరమ్మ గారు. ఆడపిల్లల బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. ఆవిడ "ఏమ్మా" అంటే చాలు, అయిదో క్లాసుతో బడి మానేసిన నాకు ఇప్పటికీ చేతులు కట్టుకోవాలనిపిస్తుంది. ఆవిడ ఆ రోజు అన్నారు కదా, "ఏడాదిలో ఎన్ని పుస్తకాలు చదువుతారో, ఒంటికి మేలుచేసే అలవాటు ఏం పెట్టుకుంటారో ఒక్కొక్కరూ చెప్పండి. వచ్చే ఉగాదికి లెక్క అప్పజెప్పాలి!"

నా వంతు వచ్చింది. నోరు పెగలదే! పక్కింటి పంకజం నాకంటే చిన్నది, దానికి నేనంటే ప్రాణం. నా అవస్థ చూడలేక లేచి, "మా రత్నం అక్కయ్య నెలకో పుస్తకం చదువుతుందండీ, కాఫీ మానేస్తుందండీ!" అనేసింది.

కాఫీ! నాకు కాఫీ గ్లాసు చేతిలో పడితేగాని తెల్లవారినట్టే ఉండదు. కాదని చెబుదామంటే దానికీ నోరు రావాలి కదా. ఈలోగా చప్పట్లు కొట్టేశారు.

సూరమ్మ గారు మాత్రం కొట్టలేదు. మా వీధి చివర మేడ వాళ్ళది. "ఏమ్మా రత్నం, కాఫీ మానేశావో, పొయ్యి పక్కన నిలబడి తాగేశావో మాకెలా తెలుస్తుంది?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను!

సరే, ఇంటికొచ్చాక ఆలోచించుకున్నాను. ఇదీ ఒక నోములాంటిదే. పట్టింది విడవకూడదు, ఏడాది తిరిగాక ఉద్యాపన చేసుకోవాలి. లెక్క కాగితం మీద పెడదామంటే నా రాత చూస్తే నాకే సిగ్గు. అందుకని పింగాణీ జాడీ ఒకటి కడిగి, తుడిచి, ఆవకాయ జాడీల వెనకాల పెట్టాను. పొద్దున కాఫీ తాగకుండా ఉండగలిగితే అందులో ఒక పచ్చి కాఫీ గింజ. మధ్యాహ్నం కాఫీ తాగకుండా ఉండగలిగితే ఇంకో గింజ. పుస్తకం ఒకటి పూర్తయితే ఒక చింతపిక్క. నేను నోరు తెరవక్కర్లేదు. ఉగాదినాడు ఆ జాడీ తెచ్చి చాప మీద బోర్లిస్తే అదే మాట్లాడుతుంది!

నోటితో చెప్పినంత తేలిక కాదండీ. మొదట్లో తలనొప్పి చూడాలి. ఆయన పీటమీద కూర్చుని కాఫీ ఊదుకుంటూ తాగుతుంటే నేను గోడవైపు తిరిగి మజ్జిగ తాగేదాన్ని. పుస్తకం సంగతి ఇంకా అన్యాయం. వేలు పెట్టుకుని చదువుతాను కదా, ఆ డిటెక్టివు పుస్తకంలో హంతకుడు దొరికేసరికి నాకు చచ్చినవాడెవరో గుర్తులేదు. మళ్ళీ మొదటినుంచీ చదివాను. దానికి రెండు పిక్కలు వెయ్యాలనిపించింది గాని, నోము కదా, ఒకటే వేశాను.

పోనుపోను రుచి తెలిసింది. పుస్తకాలదండీ. దాంతో ఆశ పుట్టింది. సమాజం పుస్తకాల బీరువా సుందరమ్మ గారింట్లో ఉంటుంది. పుస్తకం కావాలంటే వెళ్ళి అడగాలి. అడగడానికి సిగ్గుపడి గుమ్మందాకా వెళ్ళి వెనక్కొచ్చిన రోజులు ఎన్నో! మాఘమాసంలో ఆవిడ చెప్పారు, "నాకు మోకాళ్ళ నొప్పులు. మాట చెల్లించుకున్నట్టు రుజువు చూపించిన వాళ్ళకి ఈ ఉగాదికి బీరువా తాళంచెవి ఇచ్చేస్తాను, బీరువా కూడా వాళ్ళింటికే!" అని. అంతే, ఆ తాళంచెవి నా కళ్ళలోనే ఆడుతూ ఉండేది. పుస్తకాలన్నీ మా ఇంట్లో! ఎవర్నీ అడగక్కర్లేదు!

ఉగాది పచ్చడికి కొత్త చింతపండు పిసుకుతూ, అందులోంచే ఒక నున్నటి పిక్క తీసి ఆఖరి పుస్తకం లెక్కకింద జాడీలో వేశాను. పుస్తకం ముందురోజే అయిపోయింది. జాడీ ఊపితే గలగలా చప్పుడు. ఎంత సంతోషమో!

అప్పుడే పంకజం పరుగెత్తుకుంటూ వచ్చింది. "అక్కయ్యా, సుందరమ్మ గారింటికి చుట్టాలొచ్చారట. మీటింగు మీ ఇంట్లో పెట్టమన్నారు. నువ్వేం అనవని సరేనన్నాను."

నేనేం అనను, నిజమే!

ఇంట్లో మా వదిన గారున్నారు. ఆయనకి అక్కగారు, తాడేపల్లిగూడెం నుంచి ముందురోజు పాసింజరులో దిగారు. చెయ్యి చురుకు, మాట చురుకు. పొద్దున్నే ఆవిడకీ ఆయనకీ కాఫీ ఇచ్చేసరికి డబ్బాలో పొడి అయిపోయింది. పండగపూట కొట్లు కట్టేశారు.

"వచ్చిన వాళ్ళకి ఏమిస్తావే?" అన్నారు వదిన గారు.

"మజ్జిగ కలిపి ఉంచానండి వదిన గారూ."

"మజ్జిగా! పెద్దమనుషులు గుమ్మంలోకొస్తే మజ్జిగ పోస్తావా? మా గూడెంలో అయితే కాఫీ ఇవ్వకుండా పంపితే ఏడాదంతా చెప్పుకుంటారు. గింజలైనా లేవూ?"

"ఒక్క గింజ కూడా లేదండీ," అన్నాను. జాడీ సంగతి అప్పుడే చెప్పి ఉంటే ఈ కథే లేదు. సిగ్గేసింది. కాఫీ గింజలు లెక్కపెట్టుకుంటున్నానంటే ఏమనుకుంటారో అని.

మధ్యాహ్నం అందరూ వచ్చారు. ఆయన పంచాంగం వినడానికి వెళ్ళిపోయారు. సుందరమ్మ గారు కుర్చీలో, మిగతావాళ్ళు చాప మీద. నన్ను కుర్చీకీ గోడకీ మధ్య కూర్చోబెట్టుకున్నారు. "ఇంటివాళ్ళు ఆఖర్న చెప్పాలి. అందాకా ఎవరూ మధ్యలో లేవకూడదు," అని హెడ్‌మిస్ట్రెస్ గొంతుతో అన్నారు. జాడీ నా వంతు వచ్చినప్పుడు తెచ్చుకుందాంలే అని నేనూ కదల్లేదు.

పంకజం లేచింది. రోజూ కాలవ గట్టుదాకా నడిచానంది, వానాకాలం మాత్రం మానేశానని ఒప్పేసుకుంది. పుస్తకాలు సగంలో ఆగాయట. పాపం, నిజం చెప్పింది. అప్పుడే కాఫీ గింజలు వేగుతున్న వాసన గుప్పున కొట్టింది. కొల్లేటి వైపునుంచి వీచే గాలి ఆ పూట మా వంటింటి మీదుగానే వచ్చింది. ఏడాదిగా మాటల్లేని చుట్టం వచ్చి పలకరించినట్టు నా ముక్కు పుటాలు విచ్చుకున్నాయి. ఎవరింట్లోనో పండగ కాఫీ అనుకున్నాను.

ఇంతలో ఇంకో వాసన కలిసింది. చిన్నప్పుడు నిప్పుల్లో వేసుకు తిన్నవాళ్ళెవరూ మరిచిపోలేని వాసన. వేగుతున్న చింతపిక్కలు!

కాఫీ గింజలు ఎవరింట్లోనైనా ఉంటాయి. కాఫీ గింజలూ చింతపిక్కలూ కలిపి వేయించే ఇల్లు ఊరంతటికీ ఒక్కటే ఉంటుంది!

లేవబోయాను. సుందరమ్మ గారు నా భుజం మీద చెయ్యి వేసి, "కూర్చో అమ్మా, సూరమ్మ చెబుతోంది కదా," అన్నారు. కూర్చున్నాను. లేచి వెళ్ళిపోవచ్చు కదా అంటారు మీరు. వెళ్ళొచ్చు. మీరైతే వెళ్తారు.

సూరమ్మ గారు పగటినిద్ర మానేశానని చెబుతున్నారు. మధ్యలో రెండుసార్లు ఆవలించారు కూడా. నేను గట్టిగా దగ్గాను. వదిన గారు వంటింటి గుమ్మంలోంచి తల బయటపెట్టారు.

"ఏమే, మంచినీళ్ళు కావాలా?"

"జా... జాడీ..." అన్నాను, గొంతు రాక.

"ఆఁ, దొరికిందిలే! నువ్వు కూర్చో!" అని కన్ను కొట్టి లోపలికెళ్ళిపోయారు.

తర్వాత కాఫీ మర తిరిగింది. గరగర, గరగర. ఒక్కొక్క గరకీ నా ఏడాదిలో ఒక్కో వారం పొడైపోతోంది. తలనొప్పితో గడిపిన రోజులు పోయాయి. గరగర. డిటెక్టివు పుస్తకం పోయింది. మధ్యలో 'కటక్' మని ఏదో గట్టిగా విరిగింది. రాత్రి కళ్ళు చికిలించుకుని చదివిన లావుపాటి పుస్తకం అదే అయ్యుంటుంది.

"ఇక రత్నమ్మ," అన్నారు సుందరమ్మ గారు. "చెప్పమ్మా, ఎంతవరకూ వచ్చింది నీ లెక్క?"

సరిగ్గా అప్పుడే వదిన గారు పళ్ళెంతో వచ్చారు. పొగలు కక్కే గ్లాసులు. అందరికీ ఇచ్చి, ఆఖరిది తెచ్చి నా చేతిలో పెట్టారు. వద్దనేలోపు వేళ్ళు దాని చుట్టూ బిగుసుకున్నాయి.

సూరమ్మ గారు ఒక గుక్క తాగి, మూతి తుడుచుకుని, "అదుగో! కాఫీ మానేసినావిడ చేతిలో గ్లాసు!" అన్నారు.

అందరూ నావైపు చూశారు. తాళంచెవి సుందరమ్మ గారి ఒళ్ళో మెరుస్తోంది. పంకజం కళ్ళు పెద్దవి చేసుకుని, "అక్కయ్యా, చెప్పు," అని సైగ చేస్తోంది. ఈసారి నా తరఫున చెప్పడానికి దానికీ ఏమీ తెలియదు.

గ్లాసు పట్టుకునే లేచాను. వంటింట్లోకెళ్ళి జాడీ తెచ్చాను. చాప మధ్యలో బోర్లించాను. ఒక్క గింజ పడలేదు. కాస్త పొట్టు రాలింది, అంతే.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు సుందరమ్మ గారు.

"నా లెక్కండీ."

"ఖాళీగా ఉందే?"

అప్పుడన్నానండీ ఆ మాట. ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"అదంతా మీ గ్లాసుల్లో ఉందండీ!"

గ్లాసులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఇక ఆనకట్ట తెగినట్టయింది నా నోరు. తాగని కాఫీకి గింజ వేశాననీ, చదివిన పుస్తకానికి చింతపిక్క వేశాననీ, ఏ పుస్తకంలో ఏముందో, ఏ హంతకుడు ఎలా దొరికాడో అన్నీ చెప్పేశాను. ఇన్నేళ్ళలో అన్ని మాటలు ఒక్కసారిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"చింతపిక్కలా!" అని సూరమ్మ గారు గ్లాసు కింద పెట్టేశారు. "నేను రెండోసారి అడుగుదామనుకుంటున్నాను!"

వదిన గారు బుగ్గలు నొక్కుకున్నారు. "అయ్యో నా తల్లీ! గింజ కూడా లేదంటివి. జాడీ దొరికితే నాకివ్వడం ఇష్టంలేక దాచావనుకున్నాను. పిక్కలు చూసి, పొదుపుకి కలుపుకుంటున్నావు కాబోలు, పోనీలే అనుకుని వేయించేశాను!" అని, మళ్ళీ "అయినా ఏం పోయిందిలే? నోము పట్టి విడిచిన వస్తువుని ఉద్యాపననాడు ముత్తయిదువులకి వాయనం ఇస్తారా లేదా? నా చేతుల మీదుగా నీ ఉద్యాపన జరిగిపోయింది!" అన్నారు. తప్పు చేసినావిడే పుణ్యం కూడా పట్టుకుపోయారు, చూశారా!

సుందరమ్మ గారికి నవ్వు ఆగలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంత వివరంగా పుస్తకాలు అప్పజెప్పిన పిల్ల నా బడిలో కూడా లేదు. పుస్తకాల మాట నమ్ముతాను. కాఫీ మాట కూడా..."

"నమ్మండీ, ఏడాదిగా చుక్క కూడా ముట్టలేదండీ!" అన్నాను నేను అడ్డుపడి. అంతసేపు మాట్లాడిన అలవాటు లేదు కదా, గొంతు పిడచకట్టుకుపోయింది. చేతిలో ఏదో చల్లారిన గ్లాసు ఉంది. ఎత్తి గటగటా తాగేశాను.

సగం తాగాక తెలిసింది నేను తాగుతున్నదేమిటో.

"చూశారా! అందరి ముందే!" అన్నారు సూరమ్మ గారు చెయ్యి చాపి.

సుందరమ్మ గారు నా మొహం చూశారు, గ్లాసు చూశారు. "కిందటేడు నిన్నటితో అయిపోయింది సూరమ్మా. ఇవాళ కొత్త ఏడాది. ఈ గ్లాసు కొత్త లెక్కలోకి వస్తుంది," అని తాళంచెవి నా చేతిలో పెట్టారు. "మరి ఈ ఏడాదికి ఏం మానేస్తావమ్మా?"

"కాఫీయేనండీ!" అంది పంకజం, నేను నోరు తెరిచేలోపు.

అలా నా కొత్త నోము, పట్టకముందే చెడింది. బీరువా మర్నాడే ఇంటికొచ్చింది. జాడీలోకి ఈసారి గులకరాళ్ళు ఏరి పెట్టుకున్నాను. వదిన గారు వాటిని చూసి, "ఇవి నానబెట్టాలా?" అని అడిగారు.

ఇంకో సంగతి. ఏడాది తర్వాత పడిన కాఫీ కదా, ఆ రాత్రి రెప్ప వాలలేదు. దీపం దగ్గర కూర్చుని చేతికందిన పుస్తకం తెరిస్తే, కోడికూసేసరికి అయిపోయింది! ఒక్క రాత్రిలో ఒక పుస్తకం! అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకి. కాఫీ మానకుండా ఉంటే, ఈపాటికి ఆ బీరువా మొత్తం చదివేసి ఉండేదాన్ని.