సిపాయి దావీదు జ్వరం కాగితం

ఆదివారం ఉదయం ఏడున్నరకు ఏలూరు స్టేషన్లో దిగాను. నవంబరు మొదటి వారం. రాత్రి కురిసిన వాన అప్పుడే తెరిపిచ్చింది. ప్లాట్‌ఫారం మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఒంటిమీద ఖాకీ. భుజాన సంచి. సంచిలో ఒక జత బట్టలు, దుప్పటి, ఎనామెల్ మగ్గు, రెండు రోజులకు సరిపడే రొట్టె. తుపాకి లేదు. చొక్కా జేబులో ఆర్డరు కాగితం ఉంది.

ఆర్డర్లో ఉన్నది ఇంతే. సిపాయి దావీదు సెలవు ముగిసి పద్దెనిమిది రోజులైనా హాజరు కాలేదు. అతన్ని వెంటబెట్టుకుని రావాలి. జబ్బు నిజమైతే ఏలూరు సర్కారు డాక్టరు సంతకంతో సర్టిఫికెట్టు తేవాలి. శుక్రవారం ఉదయం రోల్‌కాల్‌కు బెంగుళూరులో హాజరు కావాలి.

సైన్యం సంగతి తెలియని వాళ్ళకు ఒకటి చెప్పాలి. మనిషీ రాక, కాగితమూ రాకపోతే ఆ సిపాయి పేరు పారిపోయిన వాళ్ళ జాబితాలోకి ఎక్కుతుంది. జాబితా అతని ఊరి పోలీసు స్టేషనుకు వస్తుంది. ఆపైన అతను ఎన్నేళ్ళు ఎలా పనిచేశాడని ఎవరూ అడగరు. దావీదు తొమ్మిదేళ్ళు పనిచేశాడు. సరిహద్దు కొండల్లో రెండు చలికాలాలు నా సెక్షన్లోనే ఉన్నాడు. నేను అప్పుడు నాయక్‌ని.

అతను కాగితం పంపలేదని కాదు. మిషన్ దవాఖానా నర్సమ్మ రాసిచ్చిన చీటీ పంపాడు. మా ఆఫీసు రైటరు దాన్ని వెనక్కి పంపాడు. నర్సు సంతకం చెల్లదు. రెండోసారీ అదే చీటీ వచ్చింది. రెండోసారీ వెనక్కి వెళ్ళింది.

నేను బయల్దేరేటప్పుడు హవల్దారు నవ్వాడు.

"మీ కొల్లేట్లో జ్వరం కూడా సెలవు చూసుకునే వస్తుంది కదయ్యా. నువ్వూ అంటించుకుని రాకు."

బారకాసులో కొల్లేటి జ్వరం అంటే దొంగ జ్వరమని అర్థం. మా గోదావరి వాళ్ళం ఎవరం జబ్బుందని సిక్ పెరేడ్‌లో నిలబడినా ఆ మాట వినబడేది. నాది తాడేపల్లిగూడెం. నేను దిగిన రైలే అక్కడికి పోతుంది. ఏడాదిన్నరగా అమ్మను చూడలేదు. ఆర్డర్లో ఆ ఊరు లేదు. రైలు కదిలేదాకా నిలబడి, తర్వాత బయటికి నడిచాను.

దావీదుది కొల్లేటి లంక. సరస్సు ఒడ్డుదాకా ఎద్దుబండి. అక్కణ్ణుంచి దోనె. తాటిమొద్దు తొలిచి చేసిన పడవ అది. ఒక్కటైతే ఒరుగుతుందని రెండింటిని జంటగా కట్టారు. దోనె నడిపే ముసలాయన గెడ వేస్తూ నా బూట్లు చూసి, "అయ్యి ఇప్పెయ్యండి బాబూ, పడితే ములిగిపోతారు," అన్నాడు. విప్పాను. వర్షాలకు సరస్సు నిండి ఉంది. దారి పొడుగునా కిక్కిస గడ్డి. రెండున్నర గంటలు పట్టింది.

దావీదు ఇల్లు లంకకు తూర్పు చివర. మట్టిగోడలు, తాటాకు కప్పు. గుమ్మంలో అతని అక్క సువార్తమ్మ చేపలు బాగుచేస్తోంది. నా ఖాకీ చూసి కత్తిపీట పక్కకు తోసి లేచింది.

"పోలీసులాండీ?"

"కాదమ్మా. దావీదు పల్టనే. బెంగుళూరు నుంచి వచ్చాను."

"అయితే మీరైనా చెప్పండి ఆళ్ళకి. రెండు చీటీలు పంపామండి. నర్సమ్మగారు తేటగా ఇంగిలీషులో రాశారు. ఇంకేం కావాలంటండీ?"

దావీదు నులకమంచం మీద ఉన్నాడు. కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి. బుగ్గలు లోపలికి పోయాయి. నన్ను చూసి లేవబోయాడు. పడుకోమన్నాను. నుదుటి మీద చెయ్యి వేశాను. కాలుతోంది. అప్పుడు నేను చేసిన పని రాయాలి. దుప్పటి కొంచెం తొలగించి, అతని కుడిచెయ్యి ఎత్తి చంకలో చూశాను. ఎడమచెయ్యి ఎత్తి చూశాను.

ఉల్లిపాయ చంకలో పెట్టుకుంటే ఒళ్ళు వేడెక్కుతుందని సిపాయిల నమ్మకం. సిక్ పెరేడ్ రోజున వంటశాలలో ఉల్లిపాయలు తగ్గేవి. చంకలు చూడడం మాకు నేర్పిన పనే.

"ఏం ఎతుకుతున్నారండీ?" అంది సువార్తమ్మ.

దావీదు చెప్పాడు.

"ఉల్లిపాయ అక్కా." తర్వాత నావైపు తిరిగి, "లేదు నాయక్ గారూ. మా ఇంట్లో కూరలోకే లేవు," అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది.

సువార్తమ్మ నవ్వలేదు. దుప్పటి లాగి తమ్ముడి మెడదాకా కప్పింది.

నర్సమ్మ క్వినైను ఇచ్చిందట. మంచం దిగనియ్యొద్దని, చల్లగాలి తగలనియ్యొద్దని చెప్పిందట. రెండు రోజులకొకసారి దోనెలో వచ్చి చూసిపోతోంది. నాలుగు రోజులుగా చలి రావడం తగ్గింది. గంజి నిలుస్తోంది. ఇవన్నీ సువార్తమ్మ చెప్పింది. నేను విన్నాను.

సోమవారం ఒక్కణ్ణే ఏలూరు వెళ్ళాను. సర్కారు డాక్టరు యాభై ఏళ్ళ మనిషి. బల్లమీద కాగితాలు సరిగ్గా పేర్చి ఉన్నాయి. నా ఆర్డరు రెండుసార్లు చదివారు.

"మనిషిని చూడకుండా సర్టిఫికెట్టు రాయనండి. నర్సు రాసింది నిజమే అయ్యుంటుంది. కానీ సంతకం నాది కదా."

"మనిషి కదిలే స్థితిలో లేడండి."

"కదిలించొద్దు. గురువారం టీకాల పని మీద లంకలకు వస్తున్నాను. మీ లంకకు మధ్యాహ్నం పన్నెండుకి వస్తాను. ఇంట్లోనే చూసి అక్కడే రాసిస్తాను."

"శుక్రవారం ఉదయానికి నేను బెంగుళూరులో ఉండాలండి. బుధవారం మధ్యాహ్నం రైలు దాటితే అందుకోలేను."

"తంతి ఇవ్వండి. రెండు రోజులు గడువు అడగండి. ఇవ్వరా?"

"చూస్తానండి," అన్నాను.

తంతి ఆఫీసు దారిలోనే ఉంది. లోపలికి వెళ్ళి ఫారం తీసుకున్నాను. పెన్సిలు కూడా తీసుకున్నాను. హవల్దారు ఆ తంతి విప్పి బారకాసులో అందరికీ చదివి వినిపించడం కళ్ళముందు కనబడింది. నీకూ అంటుకుందా అనడం వినబడింది. నా ఏడేళ్ళ సర్వీసులో డ్యూటీ మీద వెళ్ళి గడువు అడగలేదు. ఫారం అక్కడే పెట్టి బయటికి వచ్చాను. నన్ను ఎవరూ ఆపలేదు, ఎవరూ తొయ్యలేదు. ఆ పని నేనే చేశాను.

సాయంత్రం లంకకు తిరిగివచ్చి, రేపు దావీదును ఏలూరు తీసుకువెళ్ళాలని చెప్పాను. గురువారం సంగతీ చెప్పాను. దాచలేదు.

"గురువారం దాకా ఆగితే ఏం పోద్దండీ?" అంది సువార్తమ్మ. "డాట్రుగారు గుమ్మంలోకి వత్తానంటే మనం ఎదురెళ్ళడం ఏంటండీ?"

"నాకు ఆర్డరు ఉందమ్మా."

"ఆర్డరు మీకండి. జొరం మావోడికి."

దావీదు మంచం మీద నుంచి అన్నాడు. "వెళ్దాం అక్కా. నాయక్ గారికి మాట వస్తుంది. కాగితం ఒక్కటి అయిపోతే నిశ్చింతగా పడుకుంటాను. పారిపోయాడనిపించుకోలేను."

మంగళవారం ఉదయం ఎనిమిదికి బయల్దేరాం. దావీదు యూనిఫాం వేసుకుంటానన్నాడు. సర్కారు డాక్టరు ముందు సిపాయి పంచెతో ఎలా ఉంటాడన్నాడు. వేళ్ళు వణుకుతుంటే గుండీలు సువార్తమ్మ పెట్టింది. చొక్కా ఇద్దరు మనుషులకు సరిపోయేలా ఉంది. నా దుప్పటి, వాళ్ళ దుప్పటి రెండూ కప్పాం. దోనె అడుగున గడ్డి పరిచి పడుకోబెట్టాం.

తొమ్మిదిన్నరకు తూర్పుగాలి లేచింది. సరస్సు లోతు తక్కువ. చిన్న గాలికే అలలు లేస్తాయి. నీళ్ళు అంచు దాటి లోపల పడ్డాయి. నేను మగ్గుతో తోడాను. పది దాటాక వాన. ముసలాయన గెడ వేస్తున్నా దోనె ముందుకు పోవడం లేదు. రెండున్నర గంటల దారి నాలుగున్నర గంటలు పట్టింది. రెండు దుప్పట్లూ తడిసిపోయాయి. దావీదుకు చలి మొదలైంది. సువార్తమ్మ అతని తల ఒడిలో పెట్టుకుని కొంగు కప్పింది. నాతో మాట్లాడలేదు. దావీదు ఒక్కసారి కళ్ళు తెరిచి, "కొండల్లో ఇంతకంటే చలి కదండీ," అన్నాడు. అవునన్నాను.

ఆసుపత్రి చేరేసరికి మూడున్నర. డాక్టరు గదిలోకి నేనూ బండివాడూ మోసుకువెళ్ళాం. బల్లమీద పడుకోబెట్టగానే దావీదు మడమలు దగ్గరికి చేర్చి, చేతులు పక్కలకు చాపాడు. అటెన్షన్‌లో పడుకున్నాడు.

డాక్టరు ఛాతీమీద చాలాసేపు విన్నారు. తడి యూనిఫాం చూశారు. నన్ను చూశారు.

"తంతి ఇవ్వలేదా?"

"లేదండి."

ఆయన కలం తీశారు. సర్టిఫికెట్టు రాశారు. మలేరియా, ఊపిరితిత్తులకు నెమ్ము, ప్రయాణం పనికిరాదు, ఆరు వారాల విశ్రాంతి. సంతకం, సీలు. వార్డులో చేర్చుకున్నారు. నేను కాగితం దావీదుకు చూపించాను. అతను సీలు మీద వేలు పెట్టి చూశాడు.

"ఇది చెల్లుతుందా నాయక్ గారూ?"

"చెల్లుతుంది."

"అమ్మయ్య," అన్నాడు.

బుధవారం ఉదయం ఏడింటికి సంచి సర్దుకుని, వెళ్తున్నానని చెప్పడానికి వార్డుకు వెళ్ళాను. మంచం దగ్గర సువార్తమ్మ నిలబడి ఉంది. దావీదు ముఖం మీద దుప్పటి కప్పి ఉంది. తెల్లవారుతుండగా పోయాడు.

మధ్యాహ్నం రైలు ఎక్కలేదు. దోనెలో శవంతో పాటు వెళ్ళాను. గాలి తగ్గింది. సగం దూరం పోయాక సువార్తమ్మ నాతో మాట్లాడింది.

"ఇప్పుడు మావోడు పారిపోయినోడు కాదు కదండీ?"

"కాదమ్మా."

"కాయితంలో ఉందా?"

"ఉంది."

"చదవండి."

ఇంగ్లీషు ముక్కలు ఒక్కొక్కటే తెలుగులో చెప్పాను. ఆరు వారాల విశ్రాంతి దగ్గర ఆగాను. "ఉన్నదంతా చదవండి," అంది. చదివాను.

గురువారం లంకలోనే పూడ్చాం. శుక్రవారం రైలెక్కి, ఆదివారం ఉదయం రోల్‌కాల్‌లో నిలబడ్డాను. రెండు రోజుల ఆలస్యానికి కారణం రాయమన్నారు. రాశాను. రైటరు సర్టిఫికెట్టు తీసుకుని, సీలు చూసి, సరిగ్గా ఉందని ఫైల్లో పెట్టాడు. దావీదు పేరు జాబితాలోకి వెళ్ళలేదు. హవల్దారు నా కాగితం చదివాడు. జోకు వెయ్యలేదు.

"ఒక తంతి ఇవ్వాల్సింది కదయ్యా," అన్నాడు. "గడువు ఇప్పించేవాణ్ణి."

ఆ తర్వాత పెద్ద యుద్ధం వచ్చింది. ఎడారిలో మూడేళ్ళు ఉన్నాను. చాలామంది పోవడం చూశాను. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఉంటున్నాను. ఎడారి సంగతులు చెప్పమని అడుగుతారు. అడిగినంత వరకు చెబుతాను. అవి అడగకుండా గుర్తురావు.

అడగకుండా వచ్చేది ఒక్కటే. గురువారం. పాదిరిగారు అవతలి ఒడ్డు నుంచి రావడం ఆలస్యమై, మేం మన్ను వేసేసరికి మధ్యాహ్నమైంది. ఎండ కాసింది. నీళ్ళు కదలడం లేదు. కిక్కిస గడ్డి చీల్చుకుని ఒక దోనె వస్తోంది. అందులో నల్ల గొడుగు. డాక్టరు ఒడ్డున దిగి, మమ్మల్ని చూసి, గొడుగు ముడిచి తల వంచి నిలబడ్డారు. ఒక చేతిలో టీకాల పెట్టె. సరిగ్గా పన్నెండు. ఆయన బూట్లకు తడి అంటలేదు.