ఫొటో అద్దం కింద ఉడికిన అన్నం

మా మనవరాలికి చిన్నప్పుడు సైన్సు చెప్పిన సారు పోయారని పొద్దున ఏడు గంటలకు ఫోన్ వచ్చింది. నేను చెనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాను. పిల్ల ఫోన్ పెట్టేసి పోయి గ్యాసు ఆపేసింది. పాలు ఇంకా కాగలేదు.

"ఎందుకాపినావే?" అన్నాను.

"సారు పోయినాడంట అవ్వా. ధర్మవరంలో."

చావిల్లు ధర్మవరంలో ఉంది, మేముండేది హిందూపురంలో, మన పొయ్యి ఎందుకు ఆపాలి అని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆ పిల్లకు ఇదీ చావిల్లే.

నేను మూడో తరగతి దాటలేదు. అప్పుడు మేం పెనుకొండలో ఉన్నాం. పిల్ల చదివే బడిలోనే గదులు ఊడ్చి, కుండల్లో నీళ్లు నింపే పని చేశాను. సారు ధర్మవరం నుంచి రోజూ పాసింజరులో వచ్చేవారు. రైలు పావుగంట ఆలస్యమైతే నేను గేటు దగ్గర నిలబడిపోయేదాన్ని. పట్టాలు తప్పిందేమో, ఈ మనిషి తలుపు దగ్గర నిలబడి జారిపడ్డాడేమో అని. సారు నవ్వుకుంటూ వచ్చి, "ఏం పెద్దమ్మా, ఈపొద్దు నన్ను ఎన్నిసార్లు సంపినావు?" అని అడిగేవారు. తమాషాకు అడిగేవారు. నేను లెక్క చెప్పేదాన్ని కూడా.

నాకు ఈ భయం పుట్టుకతో ఉంది. కానీ పెరగడానికి కారణం ఉంది. పంపు స్టవ్వు పేలి నా కూతురు చచ్చిపోయింది. టీ పెడుతోంది. పిల్ల గడప మీద కూర్చుని పలక మీద రాసుకుంటోంది. అంతకన్నా చెప్పలేను. పిల్ల నాయన పనికని కర్ణాటకకు పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. పిల్ల నా దగ్గర మిగిలింది.

చావింట్లో మూడో దినం దాకా పొయ్యి ముట్టించరు మా వైపు. చుట్టుపక్కలవాళ్లు అన్నం తెచ్చి పెడతారు. మా ఇంట్లో ఆ మూడు దినాలు ఏడాదిన్నర నడిచాయి. అగ్గిపుల్ల గీస్తే చాలు, పిల్ల చెవులు మూసుకుని మంచం కిందికి దూరేది. పక్కింటి పెరట్లో మూడు రాళ్లు పెట్టుకుని వండి, గిన్నె మీద తడిగుడ్డ కప్పి తెచ్చేదాన్ని. పొగ వాసన తగిలితే ముద్ద దిగేది కాదు దానికి.

ఆ సంగతి సారుకు నేను చెప్పలేదు. ఎవరు చెప్పారో తెలియదు. ఆ ఎండాకాలం ముందర పిల్లలతో ఎండ పాఠం మొదలుపెట్టారు. రెండు చెంబుల నీళ్లు ఎండలో పెట్టి, ఒకదానికి నల్లగుడ్డ, ఒకదానికి తెల్లగుడ్డ చుట్టించారు. మధ్యాహ్నం పిల్లలందరినీ వేళ్లు ముంచమన్నారు. "నల్లదే సార్! నల్లదే కాగిండాది!" అని అరుపులు. మా పిల్ల అందరికన్నా వెనక వచ్చి, ఒక్క వేలు ముంచి, చాలాసేపు తీయలేదు. మంట లేకుండా కాగిన నీళ్లు అది అంతవరకు ఎరగదు.

తర్వాత ఎండతోనే వండే పెట్టెలు. ధర్మవరం అంగళ్లలో పట్టుచీరలు పెట్టే అట్టపెట్టెలు సారు ఒక మూటగా కట్టి తెచ్చారు. పెద్దపెట్టెలో చిన్నపెట్టె పెట్టి, మధ్యలో చెనక్కాయ పొట్టు కూరారు. లోపల హోటలు గిన్నెల అడుగు మసి గంజిలో కలిపి పూశారు. ఎండను లోపలికి తిప్పడానికి మూతకు సిగరెట్టు పెట్టెల వెండికాగితం. ఇక పైన కప్పడానికి ఎవరి అద్దం వాళ్లు ఇంటినుంచి తెచ్చుకోవాలి.

సాయంత్రం ఇంటికి పోయి చూస్తే గోడ మీద నా కూతురి ఫొటో బోడిగా ఉంది. అద్దం లేదు.

"ఏం పని చేసినావే ఇది?"

"మనింట్లో ఇంగ యాడుండాది అవ్వా అద్దం?" అంది పిల్ల. "అమ్మ ఎండలో కూచుంటాదిలే."

ఆ అద్దం మీద ప్రతి శుక్రవారం నేను బొట్టు పెట్టేదాన్ని. పెట్టీ పెట్టీ ఎర్ర మరక పడిపోయింది. పిల్ల సబ్బుతో కడిగినా పోలేదు.

మరుసటి రోజు బడి గోడ వారగా పెట్టెలన్నీ వరసగా పెట్టారు. ఒకరు చెనక్కాయలు, ఒకరు గుడ్డు, ఒకడు గెణుసుగడ్డ. మా పిల్ల బియ్యం, నీళ్లు. సారు నన్ను పిలిచి, "పెద్దమ్మా, మేకలు రాకుండా చూసుకో. అద్దం మాత్రం ఎవురూ తీయద్దు" అని క్లాసులోకి పోయారు.

నేను మెట్టు మీద కూర్చున్నాను. మేకలు రాలేదు. నా కళ్లు ఒక్క పెట్టె మీదే. అద్దం ముట్టుకుంటే చెయ్యి కాలింది. ఆ బొట్టు సరిగ్గా గిన్నె మీద నిలబడినట్టుంది. అద్దం కింద ఏదో కదిలినట్టు, నా కూతురు అక్కడ ఉడుకుతున్నట్టు అనిపించింది. ఇదీ పేలితే? పిల్ల వచ్చి వంగినప్పుడు పేలితే? అద్దం తీశాను. లోపల బియ్యం, నీళ్లు. అంతే. చేతికి అంటిన మసి కొంగుకు తుడుచుకుని మళ్లీ మూశాను. కాసేపటికి మళ్లీ తీశాను. బడి వదిలేలోపు ఎన్నిసార్లు తీశానో.

అందరివీ ఉడికాయి. మా పిల్లది ఉడకలేదు.

"నానబెట్టిన బియ్యం కదే ఇది! పోయి దోసెలకు రుబ్బుకో పో" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

రెండో రోజూ అంతే. ఈసారి ముట్టుకోను అని ఒట్టు పెట్టుకునే కూర్చున్నాను. చెయ్యి అద్దం మీదికి పోయింది. మూడో రోజూ అంతే. ఆ సాయంత్రం పిల్ల అన్నం తినకుండా బోడి ఫొటో ముందర కూర్చుంది.

"నా పెట్టెకు ఎండ రాదవ్వా. అమ్మ అడ్డం పెడ్తాంది."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. అమ్మ కాదే, నేను అని. నేను చేసిన తప్పు చచ్చిపోయిన నా కూతురి మీద పడింది, నేను పడనిచ్చాను.

నాలుగో రోజు పెట్టెలు ఎండలో పెట్టగానే సారు క్లాసుకు పోకుండా వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చున్నారు. సారుది నేతింటి పుట్టుక. జేబులో ఎప్పుడూ చిక్కుపడిన పట్టుదారం ఉండేది. పనిలేనప్పుడు దాన్ని విడదీస్తూ ఉండేవారు. ఆ ఉండ తీసి నా ఒళ్లో వేశారు.

"చేతులు ఒళ్లో పెట్టుకో పెద్దమ్మా. ఈ చిక్కు తియ్యి."

"పేలితే, సారూ?"

"ఏం పేలుతాది? దాంట్లో కిరసనాయిలు ఉందా, పంపు ఉందా? ఎండ ఉండాది. ఎండకు భయపడేటోళ్లు పెనుకొండలో ఎట్ల కాపురం చేస్తారు?"

నాకు నవ్వు రాలేదు. "అద్దంలో నా కూతురు కనపడతాంది" అన్నాను.

సారు లేచి పోయి అద్దంలోకి చూసి వచ్చారు. తర్వాత, "కనపడనీ. చూడు. తీయద్దు, అంతే" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. "వేడి ఊరికే రాదు పెద్దమ్మా. మనం నమ్మి మూసిపెట్టినంతసేపే ఉంటాది."

అద్దం తీసింది నేనని పిల్లకు చెప్పద్దని అడిగాను. తలూపారు.

నేను లాగేకొద్దీ ఆ దారం ఇంకా చిక్కుపడింది. సారు తన చేతి గడియారం చూసుకుంటూ, నీడ జరిగినప్పుడల్లా లేచి పెట్టెను ఎండవైపు తిప్పి, మళ్లీ వచ్చి కూర్చున్నారు. మధ్యాహ్నానికి అద్దం లోపల ఆవిరి పట్టింది. నా కూతురు కనపడలేదు. బొట్టు ఒక్కటే కనపడుతోంది.

పిల్ల వచ్చి తీసింది. అన్నం. మెత్తగా, పొగ వాసన లేకుండా. ఊరగాయ కలిపి అందరికీ తలా కొంచెం పెట్టింది, దోసెలకు రుబ్బుకోమన్నవాడికి కూడా. నా చేతిలో ముద్ద పెడుతూ, "అమ్మ అడ్డం తీసేసింది అవ్వా" అంది. ఆ ముద్ద నా గొంతులో ఇన్నేళ్లూ ఉంది.

ఆ రోజుతో అంతా బాగైపోయిందని చెప్పను. పిల్ల అగ్గిపుల్ల గీయడానికి ఇంకా రెండేళ్లు పట్టింది. ఇప్పుడు హిందూపురంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి పోతుంది. రోజూ పొద్దున తనే గ్యాసు వెలిగిస్తుంది. నేనే గుమ్మం పట్టుకుని నిలబడతాను.

ఫోన్ వచ్చిన రోజే ధర్మవరం పోయి సారును చూసి వచ్చాం. నిద్రపోతున్నట్టే ఉన్నారు. చేతికి గడియారం తీసేసినచోట తెల్లటి మచ్చ. మిగతా చెయ్యంతా ఎండకు నల్లబడింది. అది చూశాక ఇంక ఉండబట్టలేదు. తిరుగు రైలు పెనుకొండలో ఆగినప్పుడు, కొండ కిటికీలో కనపడుతుండగా చెప్పేశాను. అద్దం తీసింది మీ అమ్మ కాదే, నేను.

"తెలుసవ్వా" అంది.

"సారు చెప్పినాడా?"

"నీ కొంగు చెప్పింది. మూడు దినాలూ మసే కదా. నాలుగో దినం పొద్దున్నే పోయి సార్‌ను అడిగినా, అమ్మ కాదు కదా సార్ అని. కాదు పాపా, అన్నాడు. మీ అవ్వకు నీకన్నా ఎక్కువ భయం, ఆమె చెయ్యి తీసేదాకా మనం ఓపిక పడదాం అన్నాడు."

"మరి అమ్మ అడ్డం తీసిందంటివే?"

"నువ్వు నా మొగమే చూస్తాంటివి. ఏమో ఒకటి చెప్పాల కదా." అని కిటికీవైపు తిరిగింది. రైలు కదిలింది.

ఇన్నేళ్లలో ఎండ పెట్టెలు ఎన్నో పాడయ్యాయి, కొత్తవి చేసింది పిల్ల. అద్దం మాత్రం అదే. ధర్మవరం నుంచి వచ్చిన మరుసటి రోజు, మూడో దినం ఇంకా కాలేదని, గ్యాసు వెలిగించలేదు తను. మిద్దె మీద పెట్టె పెట్టి, బియ్యం కడిగి పోసి, డ్యూటీకి పోయింది. నేను పక్కన నీడలో కూర్చున్నాను. సారు ఇచ్చిన ఆ దారపు ఉండ ఇప్పటికీ పూర్తిగా విడలేదు. దాన్ని ఒళ్లో వేసుకున్నాను. నీడ జరిగినప్పుడల్లా లేచి పెట్టెను తిప్పాను. ఒకసారి నేను లేవకముందే ఎవరో తిప్పినట్టు అనిపించి పక్కకు చూశాను.

మధ్యాహ్నానికి అద్దం లోపల ఆవిరి పట్టింది. ఒక నీటిచుక్క బొట్టు కింద పుట్టి, చెంప మీద జారినట్టు, మెల్లగా కిందికి దిగింది. అద్దం వైపు చెయ్యి లేచింది. మళ్లీ దారంలోకి పోయింది.