ఆఖరి పేజీ ముందు చదివించుకునే మా అప్ప

నిన్న పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే మా ఊరు గిరిసోల నుంచి మనిషి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "మీ అప్ప నూతిలో పడిపోనాది బాబూ. బేగి ఎల్లాల" అన్నాడు.

ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

మా అప్ప పైడమ్మ, నా ఒక్కగానొక్క అక్క, ఇక లేదు.

సెలవు చీటీ ఇవ్వడానికి ఇవాళ బరంపురం వచ్చాను. మైలలో ఉన్నాను కాబట్టి మన రీడింగు రూములోకి రాను. ఈ కాగితం బయటి తలుపుకి అంటించి వెళ్తున్నాను. కోపంతో రాస్తున్నాను. అయినా పూర్తిగా చదవండి.

మీలో ఎవరికీ మా అప్ప మొహం తెలియదు. ఆవిడ మాటలు మాత్రం అందరికీ తెలుసు. శనివారం నేను నవల పట్టుకెళ్లి, సోమవారం తిరిగిస్తూ "మా అప్ప ఇలా అంది" అంటే కుర్చీలు దగ్గరికి జరుపుకుని మరీ వినేవారు కదా.

హీరోయిన్ మొహం గురించి రెండు పేజీలు వర్ణించిన నవల గుర్తుందా? మనమందరం ఆహా అన్నాం. అప్ప చదివి, "ఈ కతలో ఎవులికీ ఆకలెయ్యదేటి?" అంది.

ఆ తర్వాత ఏ నవల చదివినా నాకు అదే కనిపిస్తోంది. నిజంగానే ఎవరూ అన్నం తినరు.

డిటెక్టివు నవలలంటే అప్పకి ఇష్టం. వాటిలో పోయేవాడు మొదట్లోనే పోతాడు, ఇంక బెంగ ఉండదు అనేది.

సోషల్ నవలల దగ్గరే పేచీ.

పదహారేళ్లకే మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. ఈ రోజుల్లో వస్తున్న నవలల్లో సగం అలాంటి పిల్లల కథలే. అందుకని అప్పకో పద్ధతి ఉండేది. కొత్త పుస్తకం తను తెరవదు. నా చేతికిచ్చి, చింతపండు గింజలు తీస్తూ అటు తిరిగి కూర్చుని అడుగుతుంది.

"ముందు ఆకరి పేజీ సూడు. ఆ పిల్ల బతికుందా?"

బతికుందంటే పుస్తకం లాక్కుని, మొదటి నుంచి కూడబలుక్కుంటూ తనే చదువుకుంటుంది. పోయిందంటే ఇక ముట్టుకోదు.

ఒకసారి మన రూమంతా కళ్లనీళ్లు పెట్టుకున్న నవల తీసుకెళ్లాను. ఆఖరి పేజీలో ఆ పిల్ల నూతిలో దూకేసింది. అప్ప పుస్తకం తోసేసింది. అందరం ఏడ్చామని, అంత గొప్ప నవల అని చెప్పి చూశాను.

"ఆడదాన్ని ఏటి సెయ్యాలో తెలీకపోతే రాసినోడు నూతిలోకి తోసీస్తాడు. మీరు కళ్లు తుడుసుకుని కాఫీ తాగుతారు" అంది.

ఈ మాట నేను మీకు అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

ఎందుకంటే ఇవాళ స్టేషన్లో దిగీ దిగగానే ఒక కబురు విన్నాను. మా అప్ప నవలలు చదివి మతి చెడి నూతిలో దూకేసిందట. ఇక మీదట ఆడవాళ్లున్న ఇళ్లకి నవలలు ఇవ్వకూడదని మన రూము కమిటీవారు అనుకుంటున్నారట.

దాచను. నిన్న రైల్లో కూర్చున్నంతసేపూ నాకూ అదే భయం. మనం చదివిన పిల్లలందరూ వరసగా గుర్తొచ్చారు.

వెళ్లి చూశాను. ఈ వానలకి నూతి గట్టు ఒక పక్క కూలిపోయి ఉంది. అక్కడంతా పాచి. చేదతాడు అప్ప మణికట్టుకి చుట్టుకునే ఉంది. చావబోయే మనిషి నీళ్లు తోడుకుంటుందా అయ్యా?

ఇంకో మాట. ఇప్పుడు మనందరం చదువుతున్న ఆ రెండు భాగాల నవల. మొదటి భాగం చివర ఆ పిల్ల ఇల్లు వదిలి ఒంటరిగా రైలెక్కుతుంది. రెండో భాగం ఇంకా మద్రాసు నుంచి రాలేదు. ఆఖరి పేజీ తెలియకుండా అప్ప చదివిన నవల అదొక్కటే.

పోయిన ఆదివారం నేను బయల్దేరుతుంటే స్టేషను దాకా వచ్చింది. విధవ ఎదురు రాకూడదు కదా, అందుకని దారంతా నా వెనకాలే నడిచింది. నేను ముందుకి రమ్మంటే రాలేదు. బండి ఎక్కాక కిటికీ దగ్గరకొచ్చి, "రొండో బాగం వొచ్చీగానే ముందు నాకే తేవాల. మీ రూమోళ్లు ఆగుతారు" అంది.

అలా చెప్పిన మనిషి అది రాకుండా ఎక్కడికీ వెళ్లదు. నాకు తెలుసు.

మేం మావుసీ అని పిలిచే పక్కింటి ఒడియా పిన్నికీ తెలుసు. చదివిన కథలన్నీ అప్ప ఆమెకి ఒడియాలో చెప్పేది. నిన్న శవం దగ్గర మావుసి నా చెయ్యి పట్టుకుని ఒకటే ఏడుపు. రైలెక్కిన ఆ పిల్ల ఏమైందో ఇంక నాకెవరు చెప్తారు అని.

కమిటీవారికి ఒక్కటే మనవి. మా అప్ప చావుని సాకు చేసుకోకండి. ఆడవాళ్ల చేతిలో పుస్తకం లాక్కోవాలనుంటే ఆ నింద మీ పేరు మీదే పెట్టుకోండి. నూతి గట్టు కట్టించనివాడిని నేనున్నాను, మా నాన్న ఉన్నాడు. మమ్మల్ని తిట్టండి.

ఈ వారం స్టేషను నుంచి పుస్తకాల పార్సెలు తేవడం నా వంతు. పొద్దున వచ్చింది. ప్లాట్‌ఫారం మీదే విప్పాను. అన్నిటికన్నా పైన అదే ఉంది, రెండో భాగం.

ఇది ఇప్పుడు మీకు ఇవ్వను. సాయంత్రం బండికి గిరిసోల తీసుకెళ్తున్నాను. మావుసికి చెప్పాలి. మీరు ఆగండి.

అప్పా, ఆఖరి పేజీ ముందు చూశాను.

ఆ పిల్ల బతికే ఉంది.

ఇంక నిమ్మళంగా పడుకో.