లింబాయత్ లైన్‌లో లోపం

వరప్రసాద్‌కు ఫోన్ చేసినవాళ్ళెవరైనా సరే, సంగతి చెప్పే ముందు పరీక్ష పాసవ్వాల్సిందే. "హలో" అనగానే అటునుంచి "ఆగండి, ముందు పప్పు, పాపడ్, పట్టుచీర అనండి" అని వినిపిస్తుంది. అన్నాక, "బాగుంది. ఇప్పుడు నా గొంతుకు ఐదు మార్కులకు ఎన్ని వేస్తారు?" అంటాడు. మార్కులు వేశాకే క్షేమసమాచారాలు. కొత్తవాళ్ళు రాంగ్ నంబరనుకుని పెట్టేసేవాళ్ళు. పాతవాళ్ళు అతనికి కాకుండా అతని భార్య సంధ్యారాణికి చేసేవాళ్ళు. చేసి, "పక్కన ఆయన లేడు కదా?" అని మెల్లగా అడిగేవాళ్ళు. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా సంధ్యారాణికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

అతని ఉద్యోగమే అది. సూరత్‌లోని అడాజన్‌లో కాపురం, హజీరా ఫ్యాక్టరీలకు ఇంటర్నెట్ ఫోన్లు పెట్టే కంపెనీలో కొలువు. అక్కడ మాట ఎంత స్పష్టంగా వెళ్తోందో కొలిచే పని అతనిది. "మనం మాట్లాడే మాట అలాగే పోదు సంధ్యా," అని పెళ్ళైన కొత్తలోనే పాఠం చెప్పాడు. "చిన్న చిన్న ముక్కలై పోతుంది. కొన్ని ముక్కలు లేటుగా వస్తయ్. కొన్ని అసలే రావు. కొన్ని మన బీఆర్టీఎస్ బస్సుల్లెక్క, ఎంతసేపటికీ రాక, వచ్చినప్పుడు మూడూ ఒక్కసారే వస్తయ్." కొత్త పెళ్ళికూతురు కనుక ఆమె శ్రద్ధగా విన్నది. ఆ తరవాత ఆ పాఠం ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చాయ్‌తోపాటు అందేది.

ఇంతటితో ఆగితే బాగుండేది. ఒకసారి సిరిసిల్ల నుంచి సంధ్యారాణి చిన్నాన్న కొడుకు ఏడుస్తూ ఫోన్ చేశాడు.

"బావా, తాత పోయిండు!"

"'పోయి' దగ్గర మాట తెగింది. పోయిండా, పోయొచ్చిండా?"

"పోయిండు బావా!"

"ఆ, ఇప్పుడు సాఫ్ వచ్చింది. నాలుగు మార్కులు ఇయ్యొచ్చు," అన్నాడు వరప్రసాద్. ఆ తరవాతే విషయం బుర్రకెక్కి, "అయ్యయ్యో!" అంటూ కూలబడ్డాడు. దశదినకర్మకు వెళ్ళినప్పుడు ఆడవాళ్ళంతా తన వంక చూస్తూ గుసగుసలాడుకుంటుంటే సంధ్యారాణి కొంగుతో ముఖం కప్పుకుంది. ఏడుస్తోందనుకుని ఎవరో మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

ఇంకోసారి పైఅంతస్తు జ్యోత్స్నాబెన్ లిఫ్టులో ఇరుక్కుపోయింది. సొసైటీ మొత్తంలో ఆమెకు గుర్తొచ్చిన నంబరు పాపం వరప్రసాద్‌దే. "భాయ్, లిఫ్ట్ బంద్ హో గయీ, జల్దీ ఆవో!" అని ఆమె అరుస్తుంటే ఇతను ఆనందంతో ఊగిపోయాడు. "బెన్, లిఫ్ట్ లోపల ఇంత మంచి సిగ్నలా! ఏ కంపెనీ సిమ్? కట్ చేయకండి, ఇంకో రెండు మాటలు చెప్పండి!" ఆమెను బయటికి తీసిన తరవాత చాలాకాలం సంధ్యారాణి మెట్లమీదుగానే దిగింది. లిఫ్టు చెడిపోయి కాదు, అందులో జ్యోత్స్నాబెన్ ఎదురుపడుతుందని.

అన్నింటికంటే పెద్ద అవమానం పుట్టింటి విషయంలో. ఆమె తండ్రి రాజనర్సు, తల్లి చిన్నవ్వ, తమ్ముడు సుమన్ ఊరికి ఆ చివర లింబాయత్‌లో ఉంటారు. రాజనర్సు బతుకంతా సాంచాల షెడ్డులో, ఆ మరమగ్గాల హోరులోనే గడిచింది. ఆయన ఫోన్ చేస్తే చాలు, వరప్రసాద్ వచ్చి మధ్యలో దూరేవాడు. "మామా, లైన్ బాగలేదు. సంధ్యా, నువ్వన్నది అటు పోలేదు. గట్టిగ, మెల్లగ, మళ్ళొకసారి చెప్పు." ఆమె మళ్ళీ చెప్పేది. "ఇంకోసారి," అనేవాడు. ఊళ్ళో లైన్లన్నీ బాగుచేసేవాడికి మామగారింటి లైన్ ఒక్కటే లొంగలేదని చుట్టాల్లో జోకు పుట్టింది. రాజనర్సు మాత్రం ఏనాడూ విసుక్కోలేదు. అడగకముందే "పప్పు, పాపడ్, పట్టుచీర!" అని గర్జించి, అల్లుడికి ఐదుకు ఐదూ వేసేవాడు.

ఇలా ఉండగా సుమన్‌కు భివండీ నుంచి సంబంధం వచ్చింది. వాళ్ళూ నేత కుటుంబమే. పిల్ల పేరు సుభాషిణి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, ఇష్టపడ్డారు. పెద్దల మాట ఒక్కటే మిగిలింది. ఆదివారం పొద్దున వీడియో కాల్‌లో మాట్లాడుకుందామన్నారు. లింబాయత్ వాళ్ళంతా అడాజన్‌కు వచ్చారు. రాజనర్సు ఇస్త్రీ చొక్కా వేసుకుని ల్యాప్‌టాప్ ముందు నిటారుగా కూర్చున్నాడు. తెరమీద పిల్ల తండ్రి నరహరి, ఆయన వెనక ఇంటిల్లిపాదీ కనిపించారు.

"నమస్తే బావా," అన్నాడు నరహరి.

"ఆగుండ్రి!" అంటూ వరప్రసాద్ తెరముందుకు తల దూర్చాడు. "లైన్ జర తేడాగుంది. నరహరి మామా, పప్పు, పాపడ్, పట్టుచీర అనుండ్రి."

భివండీలో ఎవరో కిసుక్కున నవ్వారు. సుమన్ తలదించుకున్నాడు. ఇన్నేళ్ళుగా దాచుకున్న సిగ్గంతా సంధ్యారాణికి ఒక్కసారిగా కోపమై పొంగింది.

"చాలు ఇగ! మీ మార్కుల పిచ్చితోని మా తమ్ముని పెండ్లి చెడగొడ్తరా? లోపలికి పోయి కూసోండి!"

వరప్రసాద్ ఒక్కసారి మామగారి వంక చూశాడు. "సరే," అని లేచి వెళ్ళి వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

మాటలు సాగాయి. మధ్యలో ఎవరో పిలిస్తే నరహరి అటు తిరిగి, అలాగే పక్కకు చూస్తూ అన్నాడు. "ఒక్క కష్టమొచ్చింది బావా. మా అమ్మకు పాణం బాగలేదు. దవాఖానల ఉంది."

రాజనర్సు మీసం సవరించుకుని, నిండుగా నవ్వి అన్నాడు. "శాన సంతోషం బావా! అందరూ గట్లనే ఉండాలె!"

నరహరి ముఖం మాడిపోయింది. ఆయన వెనకున్న ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. రాజనర్సు ఒక్కడే ఇంకా నవ్వుతున్నాడు. అందరి ముఖాలూ చూశాక ఆ నవ్వు నెమ్మదిగా తడబడింది. ఏదో తప్పు జరిగిందని తెలిసింది, ఏమిటో తెలియలేదు.

వరప్రసాద్ గుమ్మం దగ్గర్నుంచి ఒక్క దూకు దూకాడు.

"పోయింది! నేను చెప్పలేదా? మాట మధ్యలనే పోయింది! నరహరి మామా, మీ తప్పుగాదు, మా మామ తప్పుగాదు. మా ఇంటి నెట్ దిక్కుమాలింది. 'పాణం బాగ' దాంక వచ్చింది, మిగిలిందంత దారిలనే రాలిపోయింది. జర కెమెరాకు ఎదురుంగ కూసోని, మెల్లగ మళ్ళా చెప్పుండ్రి."

"మాకు క్లియర్‌గనే ఉంది కద?" అన్నాడు భివండీ కుర్రవాడొకడు.

"మీకు ఉంటది తమ్మీ. పోయే దారి వేరు, వచ్చే దారి వేరు."

నరహరి ఒక్క క్షణం చూసి, ఫక్కున నవ్వాడు. "గిదేం అల్లుడు బావా! సొంతింట్ల నెట్ బాగచేస్కోలేనోడు ఊరందరి నెట్ చూస్తడా?" అటూ ఇటూ అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువగా వరప్రసాదే నవ్వాడు.

నరహరి ఎదురుగా కూర్చుని మళ్ళీ చెప్పాడు. ఈసారి రాజనర్సు ఆయన పెదవులను రెప్పవేయకుండా చూశాడు. వెంటనే ముఖం మారిపోయింది. "అయ్యో బావా! ముందు అవ్వ లేవాలె. లగ్గందేముంది, ఎన్నడన్న చేస్కుందం. సుమన్‌ను ఇయ్యాల్నే బండెక్కిస్త, అవ్వ తాన ఉంటడు." నరహరి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మాటతో సంబంధం ఖాయమైపోయినట్టే.

కాల్ ముగిశాక ల్యాప్‌టాప్ మూయబోయిన సంధ్యారాణి ఆగిపోయింది. తెరమీద ఓ మూల వరప్రసాద్ లైన్ కొలతలు చూసుకునే పెట్టె ఇంకా తెరిచే ఉంది. పోయిన ముక్కలు సున్నా. ఆలస్యం లేనట్టే. అంతా పచ్చరంగు.

వంటింట్లో అతన్ని నిలదీసింది. "ఒక్క ముక్క గూడ పోలేదు."

"పోయింది," అన్నాడతను గిన్నెలో చాయ్‌పత్తా వేస్తూ.

"ఏడ పోయింది?"

అతను చెవి మీద వేలు పెట్టుకున్నాడు. "ముందుగాల నేనూ లైనే అనుకున్న. రౌటర్ మార్చిన, సిమ్ మార్చిన, మీవోళ్ళింటికి కొత్త వైరు గుంజిన. కొలతలన్ని మంచిగనే వస్తున్నయ్. ఒకనాడు మామ ఎదురుంగ మూతికి దస్తీ అడ్డం పెట్టుకొని, బండి పంచరైందని చెప్పిన. 'అవును, ఈసారి వానలు ఎక్కువే' అన్నడు. ఎదురుంగ ఉంటే పెదవులు చూసి తెల్సుకుంటడు. సాంచాల కాడ అందరికీ అలవాటే కద. ఫోన్ల పెదవులు ఏడికెల్లి వస్తయ్?"

"నాకెందుకు చెప్పలే?"

"మామ చెప్పనిది నేనెట్ల చెప్త? ఆయనకు నామోషి. నెట్‌కు ఏం నామోషి?"

సంధ్యారాణి స్టవ్ వైపు తిరిగి నిలబడింది. తండ్రి గట్టిగా మాట్లాడితే కోపమనుకుంది. జవాబు రాకపోతే పరధ్యానమనుకుంది. ఆయనకు పుట్టిన బిడ్డ తాను. దస్తీ అడ్డం పెట్టి చూసింది మాత్రం ఈయన. ఈయన్నే అందరి ముందూ లోపలికి పొమ్మంది.

"అందరు మిమ్మల్ని జూసి నవ్విండ్రు," అంది. "నేను గూడ..."

"నవ్వనీ. నాకు అలవాటే. పెండ్లైన కాణ్నుంచి మీ చుట్టాలే అలవాటు చేసిండ్రు."

ఆ సాయంత్రం ఆమె తండ్రికి ఎదురుగా కూర్చుని, పెదవులు కనబడేలా నెమ్మదిగా చెప్పింది. "బాపూ, నీకు సక్కగ వినవడ్తలేదని నాకు తెల్వకపాయె. నాకే సిగ్గయితుంది. చెవుల డాక్టర్ తానకు పోదం."

"నేను నెట్టే అనుకున్ననే," అన్నాడు రాజనర్సు. "గింత ఖరాబు నెట్ ఏందిరా అని అడుగుదమనుకున్న. అల్లుని నౌకరే అది కద, బాధపడ్తడని ఊకున్న."

ఆ మాట నిజమో, పరువు నిలుపుకునే దారో సంధ్యారాణికి అంతుపట్టలేదు. అడగడానికి మనసొప్పలేదు.

ఆ వారమే నలుగురూ అడాజన్‌లోనే ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళారు. డాక్టరు రాజనర్సు చెవి వెనక చిన్న మిషన్ తగిలించి మీట నొక్కాడు. ఆయన ఉలిక్కిపడి పైన తిరిగే ఫ్యాను వంక చూశాడు. తరవాత రోడ్డుమీద హారన్ వైపు చూశాడు. వెనక కుర్చీలో కూర్చున్న చిన్నవ్వ నోట్లోనే గొణుక్కుంది. "ఇన్నొద్దులు ఎట్లనో ఎల్లదీసిన. ఇగ ఈ ముసలాయనకు చెవులు గూడ వస్తే నన్ను బతకనిస్తడా?"

రాజనర్సు వెనక్కి తిరగనైనా లేదు. "నేను నిన్నెప్పుడు బతకనియ్యలేదే?"

చిన్నవ్వ గభాల్న కొంగుతో నోరు మూసుకుంది. ఇన్నేళ్ళుగా ఆయన వీపు వెనక ఏమేమి అన్నదో అన్నీ ఒక్కసారే గుర్తొచ్చి, ఆమె ముఖం జేగురురంగుకు తిరిగింది. వరప్రసాద్ నవ్వాపుకోలేక బయటికి పరుగెత్తాడు. అతని వెనకే సంధ్యారాణీ పరుగెత్తింది.