గంగాబాయి చలికాలపు ఈత

నాకు చలంటే పడదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. మాది రామగుండం. మే నెల మధ్యాహ్నం గడప దాటితే చెప్పుల్లో కూడా అరికాళ్లు మండే ఊరు. ఆ ఎండల్లోనే నేను గోలీలాడాను, సైకిల్ నేర్చుకున్నాను, చెట్టెక్కి మామిడికాయలు కోసి మా అమ్మతో తన్నులు తిన్నాను. బాన్సువాడకు టీచరుగా బదిలీ అయి వచ్చిన మొదటి చలికాలం, ఆదివారమైతే తొమ్మిదింటి దాకా రగ్గు తీసేదాన్ని కాదు. అలాంటిదాన్ని డిసెంబరులో తెల్లవారి ఐదున్నరకు లేపి, స్కూటీ తీయించి, ఊరి బయట బావి దాకా తిప్పిన మనిషి గంగాబాయి. అందుకు ఆమెను ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు.

గంగాబాయి మా ఇంటి ఓనరు. ముందుగదిలో నేను కిరాయికి ఉంటాను. ఆమెకు యాభై నాలుగేళ్లు. పన్నెండో ఏట ఒళ్లో పెట్టుకున్న బీడీల చాటను ఇంతవరకూ దించలేదు. బీడీలు చుట్టే తునికాకును రెండు వేళ్ల మధ్య పట్టుకుని, కళ్లు మూసుకుని కూడా, ఎంత ఎండిందో ఎంత నానిందో చెప్పేస్తుంది. ఎండాకాలంలో ఆకు పెళుసెక్కితే తడిబట్టలో చుట్టి గదిలో మూలన కూర్చుంటుంది. చలికాలంలో వాకిట్లోకి వచ్చి, ఎండ పొడ ఎటు జరిగితే అటు చాపను జరుపుకుంటుంది. ఏ కాలమైనా ఆమెకు కూర్చోవడమే. అలా కూర్చుని కూర్చుని మోకాళ్లు పట్టేశాయి. దవాఖానలో డాక్టరు మందులు రాసి, మాటవరసకు, "నీళ్లల్ల కాళ్లాడిస్తె మంచిదమ్మా" అన్నాడట.

ఆ ఒక్క మాటను ఆమె చెంగున ముడేసుకుని ఇంటికి తెచ్చింది.

"టీచరమ్మా, నేను ఈత నేర్సుకుంట" అంది ఆ సాయంత్రం నా గది గుమ్మంలో నిలబడి.

"మోకాళ్లకు నూనె రాసుకో అక్కా, అది చాలు" అన్నాను.

"మోకాళ్ల కోసం గాదు" అంది. ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది.

ఆమె తమ్ముడు ముత్యంకు వర్ని రోడ్డు వైపు మూడెకరాల పొలం, అందులో మెట్లున్న పాత బావి ఉన్నాయి. ఎండాకాలం వచ్చిందంటే ఆ చుట్టుపక్కల మగపిల్లలంతా అందులోనే ఉంటారు. వాళ్లకు ఈత నేర్పే ఉస్తాదు ముత్యమే. నీళ్ల మీద తేలే ఎండిన జీలుగ బెండ్లను తాడుకు గుచ్చి నడుముకు కడతారు. ఈత వస్తున్నకొద్దీ ఒక్కొక్క బెండూ తీసేస్తారు. చివరి బెండు తీసిన రోజు పిల్లవాడి ఇంట్లోవాళ్లు ఉస్తాదుకు బెల్లం ఇస్తారు. ముత్యం ఈత నేర్చుకున్నప్పుడు అతనికి ఎనిమిదేళ్లు, గంగాబాయికి పది. ఆ బెండ్లకు ముళ్లు వేసింది ఆమె. గట్టు మీద అతని బట్టలకు కావలి కూర్చున్నదీ ఆమే. "కుక్క ఎత్కపోతది, జూస్తుండు అక్కా" అని నీళ్లల్లోంచి అరిచేవాడట. పెళ్లయ్యాక కూడా ప్రతి ఎండాకాలం వెళ్లి పిల్లల బెండ్లకు ముళ్లు వేసి వస్తోంది. నలభై నాలుగేళ్లుగా ముళ్లు వేస్తూనే ఉంది కానీ, ఒక్కసారీ నీళ్లలో దిగలేదు.

"ఎండకాలం బాయి మొగపోరగాండ్లది. ఆడోళ్లు ఎట్ల దిగుతరు? చలికాలం ఎవ్వడు రాడు. అప్పుడు దిగుత" అంది. "శివరాత్రి దాటి ఒంటిపూట బడులు మొదలైతె పోరగాండ్లు మల్ల వస్తరు. గా లోపల బెండ్లు లేకుంట ఈ గోడ కాంచి ఆ గోడకు పోవాలె. పోతినా పోయిన. పోకుంటె ఇగ ఈ జన్మకు లేదు."

మరునాడే స్కూటీ మీద ఆమెను ముత్యం దగ్గరికి తీసుకెళ్లాను.

ముత్యం మొదట కడుపు పట్టుకుని నవ్వాడు. "ముసలితనంల దసరా పండుగ! గీ వయసుల ఈతేంది అక్కా? నలుగురు జూస్తె నవ్వుతరు."

"ఐదు గొట్టంగ ఎవడు లేస్తడురా చలిల? నీ బెండ్లకు ముడేసిందెవలు? నీ లాగులు గాసిందెవలు?"

దాంతో అతను దారికొచ్చాడు. కాని అక్క నీళ్లల్లో ఉంటే చూడడం బాగుండదని ఒక పద్ధతి పెట్టాడు. మోటారు గది వెనక, బావికి వీపు తిప్పి నిలబడి, చప్పుడు విని పాఠం చెబుతాడు. గట్టు మీద కనిపెట్టుకుని ఉండాల్సింది నేను. గంగాబాయి నడుముకు బెండ్లు కాక ఇంకో పొడుగు తాడు కట్టి, దాని కొస నా చేతికిచ్చారు. ఇంట్లో మాత్రం వాకింగ్‌కు పోతున్నామని చెప్పింది. వాకింగ్‌కు తువ్వాల ఎందుకని కోడలు అడగలేదు, పుణ్యాత్మురాలు.

మొదటి రోజు నేను స్వెట్టరు మీద శాలువా, దాని మీద మంకీ టోపీ వేసుకుని వణుకుతూ నిలబడ్డాను. పొలాల మీద మంచు దిగి పక్క మడి కూడా కనబడడం లేదు. గంగాబాయి తన చీర మడిచి గట్టు మీద పెట్టి, కొడుకు పాత ట్రాక్ ప్యాంటు, పెనిమిటి ఫుల్ చేతుల చొక్కా వేసుకుని మెట్లు దిగుతోంది. నీళ్ల మీద ఆవిరి లేస్తోంది. ఆమె మొదటి పాదం పెట్టి, "ఓయమ్మో!" అంది.

"చల్లగున్నాయా?" అన్నాను, మనసులో కొంచెం సంతోషంగానే.

"ఎచ్చగున్నయ్ టీచరమ్మా! పొయ్యి మీంచి దించినట్టున్నయ్!"

నిజమే, చలికాలం తెల్లవారుజామున బావినీళ్లు వెచ్చగా ఉంటాయి. బయటికొచ్చినప్పుడే నరకం. పళ్లు టకటక కొట్టుకుంటూ ఆమె మెట్లెక్కితే నేను తువ్వాల కప్పి, ఫ్లాస్కులోంచి చాయ్ పోసిచ్చేదాన్ని.

"కాళ్ల చప్పుడు అయితలేదు! కొట్టు అక్కా, కొట్టు!" మోటారు గది వెనక నుంచి కేక. "ఊపిరి గట్టిగ పట్టకు! బరువైతవు!"

"గోడకు జెప్తున్నవా నాకా?" అని ఈమె నీళ్లల్లోంచి తిట్టేది.

అలా డిసెంబరు పోయింది, జనవరి పోయింది. ఆదివారం ఆదివారం వచ్చేవాళ్లం. ఎండాకాలం నీళ్లలో దూకడం గొప్పేమీ కాదని గట్టు మీద కూర్చుని నాకు అనిపించేది. వేడికి తాళలేక ఎవరైనా దూకుతారు, నీళ్లే లాక్కుంటాయి. చలిలో ఎవరూ లాగరు. రగ్గు తీయడం దగ్గర్నుంచి అంతా మన ఇష్టమే. గంగాబాయి జీవితంలో తన ఇష్టంతో లేచిన పొద్దులు ఇవేనేమో అనుకున్నాను. చలి తిట్టుకునేదే కాదు, కొందరికి చాటు కూడా ఇస్తుందని నాకు ఆ గట్టు మీదే తెలిసింది. ఇంత తెలిసినా, నాకు మాత్రం చలంటే పడదు.

చిక్కొకటే. బెండ్లు ఐదు. వారం వారం ముత్యం, "ఇగ ఒకటి తియ్" అనేవాడు. గంగాబాయి తీసేది కాదు. "తీసిన, తీసిన" అని అబద్ధం చెప్పి, నా వైపు చూసి నోటి మీద వేలు పెట్టేది. ఒకసారి నేనే తీయబోతే నా చెయ్యి పట్టుకుంది. "భయమైతుంది టీచరమ్మా. ఇవి లేకుంటె మునుగుత" అంది. ఈత అయ్యాక ఆ బెండ్ల తాడును ఎవరి కంటా పడకుండా మోటారు గదిలో గోనెసంచుల కింద దాచేది.

శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు. అన్నట్టే పోయింది. మరుసటి వారం నుంచి ఒంటిపూట బడులని మా స్కూలుకు కబురొచ్చింది. అదే ఆఖరి ఆదివారం.

ఆ రోజు మంచు లేదు. గంగాబాయి బెండ్లు కట్టుకునే ఒకసారి ఆ గోడ దాకా పోయి వచ్చింది. "ఇప్పుడు తీసి పో అక్కా" అన్నాను. ఆమె ముడి విప్పింది. మెట్టు మీద నిలబడింది. ఒక పాదం నీళ్లలో పెట్టి వెనక్కి తీసుకుంది. తర్వాత కూలబడి ఏడ్చేసింది.

"నా వల్ల గాదు. ఒడ్డుకు కూసునుడే నా నొసట రాసిండు. పోనీ!" అంటూ కోపంతో ఆ బెండ్ల తాడును నీళ్లల్లోకి విసిరేసింది.

"ఏం పడ్డది?" గది వెనక నుంచి ముత్యం.

"బెండ్లు" అన్నాను.

"పడనీ, తేల్తయ్ తియ్."

నేను నీళ్లల్లోకి చూశాను. తాడు ఒక్క క్షణం పైన ఆగింది. తర్వాత మెల్లగా ఐదు బెండ్లూ వరసగా కిందికి దిగిపోయాయి.

"ముత్యమన్నా," అన్నాను, "తేలలేదు."

అతను మూడు నెలల్లో మొదటిసారి ఇటు తిరిగాడు. పరుగున వచ్చి, గడకొంకితో తాడును పైకి లాగాడు. ఒక బెండును పిండితే పిడికెడు నీళ్లు కారాయి.

"ఇవి ఏడ ఎండబెట్టినవ్ అక్కా?"

"ఎండబెట్టుడేంది? ఎండకాలంల గట్టు మీద ఏస్తె గంటల ఎండుతయ్ గద..." అని ఆగిపోయింది గంగాబాయి. ఎండాకాలంలో ఎండే పని చూసుకుంది కాబట్టి, బెండ్లను ఎండబెట్టాలన్న ఊహే ఆమెకు ఎన్నడూ రాలేదు. ఈ చలిలో వారం వారం తడిసి, గోనెసంచుల కింద ముక్కిపోయి, అవి ఎప్పుడో పనికిరాకుండా పోయాయి.

"ఆకు తడి కండ్లు మూసుకుని జెప్తవ్, బెండు తడి తెల్వలేదా?" ముత్యం పకపకా నవ్వుతున్నాడు, కళ్లల్లో మాత్రం నీళ్లున్నాయి. "నెల రోజుల కాంచి ఇవి తేలుతలేవు అక్కా. ఇన్ని రోజులు వీటిని గూడ మోసుకుంట ఈదుతున్నవ్!"

గంగాబాయి ఆ తడిబెండును రెండు వేళ్ల మధ్య పట్టుకుని నొక్కి చూసింది. నా చేతిలో ఉన్న తాడును చూసింది. అది కూడా ఏనాడూ బిగుసుకోలేదని నాకప్పుడే తట్టింది. ఆమె నడుముకున్న ఆ ముడిని కూడా తనే విప్పుకుంది. మెట్లు దిగి, నీళ్లల్లోకి ఒరిగింది. కాళ్ల చప్పుడు బావి గోడలకు కొట్టుకుంటోంది. ఆవలి గోడ రాయిని అరచేత్తో చరిచి, ఇటు తిరిగి, రొప్పుతూ నవ్వింది.

"ఒరేయ్ ముత్యం!"

"ఏందక్కా?"

"గట్టు మీద నా చీర ఉంది. కుక్క ఎత్కపోతది, జూస్తుండు."

ముత్యం వెళ్లి, గట్టు మీద ఆ చీర పక్కన కూర్చున్నాడు.