జయంతి ఎడమ చెవి

బాచుపల్లి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు వెళ్లే కంపెనీ బస్సులో జయంతి పక్క సీటు రెండు నెలలుగా ఖాళీగా ఉంటోంది. అంతకు ముందు అందులో స్వప్న కూర్చునేది. ఇద్దరిదీ ఒకే ఇన్సూరెన్స్ కాల్‌సెంటర్. కిటికీ గాలి తగలకపోతే స్వప్నకు కడుపులో తిప్పుతుంది. అందుకే ముందు స్టాపులో ఎక్కే జయంతి, ఎడమ వరుసలో కిటికీ వదిలి ఇవతలికి జరిగి కూర్చునేది. ఒకరోజు స్వప్న ఎక్కి, ఆమె వంక చూడకుండా వెనక్కి వెళ్లిపోయింది. తరువాత రోజూ అంతే. ఏమైందని అడిగితే, "ఏం లేదక్కా" అని ఫోన్లోకి తల దించుకుంది. జయంతి కూడా పంతానికి పోయి ఊరుకుంది.

మాట్లాడే మనిషి లేకపోయేసరికి బస్సులోని మోతంతా ఆమె మీద పడింది. హారన్లు, డ్రైవర్ పెట్టే పాటలు, వెనక ఎవరో సౌండు పెంచి చూసే వీడియోలు. ఏ చప్పుడు ఎటు నుంచి వస్తోందో తెలియక తల దిమ్మెక్కిపోయేది. ఇంటికి చేరేసరికి కూతురు రసజ్ఞ ఏ చిన్న మాట అడిగినా కసురుకునేది.

ఇయర్‌ఫోన్లు కొనుక్కోవాలనుకుంది. తలకు తగిలించుకునే పెద్దవి కాదు. ఆ బరువు ఆఫీసులో ఎలాగూ మోస్తూనే ఉంది. హ్యాండ్‌బ్యాగు జిప్పు అరలో పట్టేంత చిన్నవి, చెవిలో బిగిసి కూర్చుని బయటి గోల ఆపేవి కావాలి.

"ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చు కదా?" అన్నాడు భర్త చైతన్య.

"చెవికి పట్టకపోతేనో? పెట్టుకు చూసి కొనుక్కుంటానండీ" అంది.

శనివారం నిజాంపేటలో ఆంజనేయులు మొబైల్ దుకాణానికి వెళ్లింది. ఆయన ఓపికున్న మనిషి. రెండు రకాలు బల్ల మీద పెట్టి, ఒకటి చెవిలోకి లోతుగా వెళ్తుందనీ, ఇంకొకటి మెత్తగా ఉంటుంది కానీ నడిస్తే జారుతుందనీ చెప్పాడు. ఆమె మొదటిది పెట్టుకుంది. ఎదురుగా పోతున్న బస్సు చప్పుడు దుప్పటి కప్పినట్టు అణిగిపోయింది. ప్రాణం లేచివచ్చింది ఆమెకు. ఆయన పాట పెట్టాడు.

"ఎడమది మోగట్లేదండీ."

"రబ్బరు సరిగ్గ కూసుంటలేదు మేడం. జర పెద్దది పెట్టి చూడుండ్రి."

పెద్దది పెట్టినా మోగలేదు. రెండో రకం తీశాడు. దానిలోనూ అంతే. "కొత్త మాల్ మేడం, రెండూ ఖరాబెట్లైతయి?" అని ఆయన ఇంకో డబ్బా తెరుస్తుండగా, జయంతి ఎడమ చెవిలోది తీసి కుడి చెవిలో పెట్టుకుంది. పాట గణగణా మోగింది. కుడి చెవిలోది తీసి ఎడమ చెవిలో పెట్టుకుంది. ఏమీ లేదు. ఎక్కడో సన్నగా ఈల లాంటిది మాత్రం ఉంది. అది పాట కాదు.

"ఏమైంది మేడం?"

"ఏం లేదండీ. మళ్లీ వస్తాను" అని లేచింది.

ఆఫీసు హెడ్‌సెట్ ఒకవైపుది; ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటుంది. ఫోనూ అటే. ఇన్నాళ్లూ ఎడమ చెవితో పనే పడలేదు.

ఆసుపత్రిలో గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. డాక్టరు యశస్విని కాగితం చూసి, "ఈమధ్య ఎప్పుడైనా ఉన్నట్టుండి చెవి మూసుకుపోయినట్టు అనిపించిందా?" అని అడిగింది.

వానాకాలంలో జలుబు చేసినప్పుడు అనిపించింది. ఆవిరి పట్టింది. సెలవులు లేక పనికి వెళ్లిపోయింది.

"ఆ వారంలోనే వచ్చుంటే మందులకు వినికిడి కొంతైనా తిరిగొచ్చేదేమో. ఇప్పుడు నరం పోయిందండి, తిరిగి రాదు. చెవి మెషిన్ పెట్టినా పెద్దగా లాభముండదు. కుడిది కూడా తగ్గుతోంది. మీరు ఈ హెడ్‌సెట్ పని మానుకోవాలి."

ఇంటికి వస్తుంటే ఆటోలో తట్టింది ఆమెకు. స్వప్న కూర్చునేది ఎడమ వైపు.

సోమవారం బస్సు దిగగానే స్వప్నను ఆపి, ఊపిరి తిప్పుకోకుండా చెవి సంగతంతా చెప్పింది. "ఆ రోజు బస్సులో నువ్వేం చెప్పావో నాకు వినపడలేదు స్వప్నా. ఒట్టు. ఏమన్నావో ఇప్పుడు చెప్పు."

స్వప్న గేటు వైపు చూసింది. "మా నాయినను దవాఖానల వెంటిలేటర్ మీద పెట్టిండ్రని చెప్పిన అక్కా. నువ్వు నవ్వి, 'మంచిదేలే' అన్నవ్."

 బస్సు మోతలో మాట అందనప్పుడల్లా నవ్వి ఏదో ఒకటి అనడం ఎప్పుడు అలవాటైందో జయంతికే తెలియదు.

"ఇప్పుడెలా ఉన్నారు?"

"పోయిండు. అయిపోయింది గద. నువ్వేం చేస్తవు, నీ తప్పేముంది?" అంది స్వప్న. గొంతులో కోపం లేదు. చేయి పట్టుకోబోతే, "లాగిన్ టైమైతుంది" అంటూ వెళ్లిపోయింది. సాయంత్రం బస్సులో మళ్లీ వెనక సీట్లోనే కూర్చుంది.

డాక్టరు కాగితం పట్టుకుని జయంతి మేనేజర్ రోహిత్ దగ్గరికి వెళ్లింది. ఫోన్లో కాకుండా టైపు చేసి జవాబులిచ్చే చాట్ టీంలోకి మార్చమని అడిగింది.

"చాట్ మొత్తం కంప్యూటర్ బాట్‌కి ఇచ్చేస్తున్నారు జయంతి గారూ. అక్కడున్న వాళ్లనే నేను ఎక్కడ సర్దాలో తెలీట్లేదు" అన్నాడతను. ఆ కాగితం తిరిగి ఆమె చేతికిచ్చి, గొంతు తగ్గించాడు. "ఇది హెచ్ఆర్‌కి మాత్రం చూపించకండి. మీ మంచికే చెబుతున్నా."

చైతన్య ఆ రాత్రి ఏదో అన్నాడు. ఆమె కుడి పక్కకు తిరిగి, ఆ చెవి దిండుకు ఆనించి పడుకుని ఉంది. అతను భుజం తట్టి మళ్లీ చెప్పాడు: "ఫ్లాట్ లోన్ సంగతి తేలేదాకా మానేయడం కుదరదేమో జయా."

"తెలుసండీ" అంది.

మర్నాడు మొదటి కాల్ కరీంనగర్ నుంచి. ఎవరో ముసలావిడ, భర్త పాలసీ గురించి. మాట సన్నగా, పొడిపొడిగా వస్తోంది. "ఇంకోసారి చెప్పండమ్మా" అంది జయంతి. రెండోసారీ అందలేదు. మూడోసారి అడగలేక, చెవికి చేటని తెలిసీ సౌండు చివరిదాకా పెంచి, హెడ్‌సెట్‌ను అరచేత్తో కుడి చెవికి అదిమిపట్టుకుంది.