దోహా పక్కనే అన్నాను

2023 బక్రీద్ సెలవులు. కరీంనగర్ బస్టాండు వెనక సందులో మా టికెట్ల ఆఫీసు. గల్ఫ్‌కు పోయేవాళ్లకు వీసా కాగితాలు, విమాన టికెట్లు చూసే పని నాది. అప్పటికి ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ. ఏ దేశానికి ఏ కాగితం కావాలో నిద్రలో లేపి అడిగినా చెబుతానని నా గొప్ప. ఆ గొప్పే కొంప ముంచింది. మునిగింది నా కొంప కాదు, అదే బాధ.

రాజేశం, గంగాధర్ అన్నదమ్ములు. చొప్పదండి దగ్గర వాళ్ల ఇంట్లో అందరూ సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపి బతికినవాళ్లే. ఆ కూలితో ఇల్లు గడవక ఇద్దరూ నా చేతుల మీదుగానే గల్ఫ్ వెళ్లారు. రాజేశం అబుదాబి పడమటి కొసన రువైస్‌లో, తమ్ముడు ఖతర్‌లోని దోహాలో. ఆ రోజు పొద్దున్నే రాజేశం ఫోన్ చేశాడు.

"అన్నా, తమ్మునికి ఎండదెబ్బ తగిలింది. దవాఖానల ఉన్నడు, కిడ్నీలు పనిజేస్తలేవంట. తెలివి ఉన్నది గని, రెండు మూడు దినాలు గూడ నమ్మకం లేదన్నరు. నేను జెప్పన పోవాలె."

ఖతర్ వీసా ఆన్‌లైన్‌లో తీసిచ్చాను. టికెట్లకే వచ్చింది తంటా. పండగ రద్దీ. మరునాడు సాయంత్రం అబుదాబి నుంచి ఒకే ఒక్క సీటు కనిపించింది. అదే చెప్పాను.

"రేపు సాయంత్రందాంక ఆగుడా? మా సూపర్‌వైజర్ గిప్పుడే కార్ల దోహా పోతుండు, ఎక్కుమంటుండు. పోవచ్చునా అన్నా?"

నా ఎదుట గోడ మీద గల్ఫ్ పటం ఉంది. అందులో అబుదాబి ఉన్న దేశమూ, ఖతరూ ఆనుకున్నట్టే ఉంటాయి.

"పక్కపక్కనే గద రాజేశం. నాలుగైదు గంటల తొవ్వ. ఖతర్ వీసా చేతుల ఉన్నది, ఫికర్ జెయ్యకు, పో" అన్నాను. సీటు వదిలేశాను.

ఆ రెండు దేశాల నడుమ సౌదీ నేల సన్నటి పట్టీలా సముద్రం దాకా దిగి ఉంటుంది. కారులో గంటన్నర ప్రయాణం. అయినా అది సౌదీ. దాన్ని దాటాలంటే సౌదీ ట్రాన్సిట్ వీసా కావాలి, అంటే ఆ దేశంలో ఆగకుండా దాటిపోవడానికి ఇచ్చే అనుమతి. సూపర్‌వైజర్‌కు ఉంది. రాజేశానికి లేదు. కూలి పని వీసా మీద ఉన్నవాళ్లకు అది అంత తేలిగ్గా దొరికేదీ కాదు. ఎప్పుడూ విమానాలకే టికెట్లు తీసే నాకు, నేల మీద దారిలో మూడో దేశం అడ్డం వస్తుందన్న ఆలోచనే రాలేదు.

మధ్యాహ్నం మళ్లీ ఫోన్.

"అన్నా, సౌదీవోళ్లు ఆపిండ్రు. వీసా ఏదంటుండ్రు. సూపర్‌వైజర్‌ను పొమ్మన్నరు, నన్ను దింపిండ్రు. గీ జరంత దాటితే అయిపోతుండె గదన్నా. నేనేం జెయ్యాలె ఇప్పుడు?"

వెనక్కి రమ్మన్నాను. అప్పటికే ఎగ్జిట్ స్టాంప్, అంటే అబుదాబి దాటి బయటికి పోయినట్టు వేసే ముద్ర, పడిపోయింది. దాన్ని రద్దు చేయించుకుని వెనక్కి వచ్చేసరికి సాయంత్రమైంది. ఇక్కడ నేను పిచ్చివాడిలా సీటు వెతికాను. పొద్దున వదిలిన సీటు ఎవరో తీసుకున్నారు. ఆ తర్వాతది ఎల్లుండి మధ్యాహ్నం.

ఆ మూడో రోజు తెల్లారేసరికే గంగాధర్ పోయాడు. నేను వదిలేసిన ఆ విమానం ఎక్కి ఉంటే రాజేశం ఒక రాత్రంతా తమ్ముడి చెయ్యి పట్టుకుని కూర్చునేవాడు. ఈ ముక్క నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

శవం ఊరికి చేరిన రోజు వెళ్లాను. శవం వెంట వచ్చిన రాజేశం లేచి నాకు కుర్చీ వేశాడు. తిట్టినా బాగుండేది. వాళ్లను కన్న అవ్వే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"పానం పోయేదాంక అడిగిండంట బిడ్డా, అన్న ఏడిదాంక వచ్చిండని. తొవ్వల ఉన్నడని చెప్పిండ్రంట."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"గా తొవ్వల నువ్వు ఎన్నడన్న పోయినవా?"

"పోలే అవ్వా. గల్ఫ్‌కే ఎన్నడు పోలే."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇప్పుడు ఎవరడిగినా, దారిలో కాలు పెట్టే ప్రతి దేశం కాగితం చూడందే నోరు విప్పను. తెలియకపోతే తెలియదంటాను. ఇన్నేళ్ల సర్వీసు, ఈ మాత్రం తెలియదా అని విసుక్కుంటారు. విసుక్కోనీ. తెలియదన్న ఆ ఒక్క మాట అనడం నేను నేర్చుకునేసరికి, అన్న వస్తున్నాడని నమ్ముతూనే గంగాధర్ కన్నుమూశాడు. నేను నేర్చుకున్నది అతనికి ఏ పనికీ రాలేదు.